సభాపర్వం నుంచి శాసనసభ దాకా: ఆయవ్యయ ప్రశ్నల భాష - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వం చేసే ఖర్చు గురించి, పాలన గురించి శాసనసభ్యులు మంత్రులను అడిగే ప్రశ్నలు సాధారణంగా రాజనీతిశాస్త్ర పరిధిలోకి వస్తాయి. తెలుగు శాఖలు వాటిని పాఠ్యంగా చూడటం అరుదు. అయితే సభలో ప్రతి ప్రశ్నా ఒక వాక్యం. జవాబూ ఒక వాక్యమే. ప్రజాధనం లెక్క తేలడం, తేలకపోవడం చాలాసార్లు ఆ వాక్యాల నిర్మాణం మీద ఆధారపడుతుంది. మహాభారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగిన ఆయవ్యయ ప్రశ్నలతో పోల్చి, శాసనసభ ప్రశ్నోత్తరాల భాషను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రశ్నలోని 'వాస్తవమేనా?', జవాబులోని కర్తృలోపం, 'ఖర్చు' అనే మాటకున్న బహుళార్థాలు, ఉమ్మడి రాష్ట్రంలో 'మిగులు' అనే మాట చుట్టూ నడిచిన వివాదం ఇందులో ప్రధానాంశాలు.

కీలకపదాలు: శాసనసభ, ప్రశ్నోత్తరాలు, ఆయవ్యయాలు, సభాపర్వం, అభిధ, లక్షణ, కర్తృలోపం, మిగులు నిధులు, పాలనా భాష.

1. ప్రవేశిక:

రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని రాజ్యాంగం 164వ అధికరణం రెండో ఖండం చెబుతోంది. ఆ బాధ్యత రోజువారీగా కనిపించే చోటు ప్రశ్నోత్తరాల సమయం. సభ్యుడు ముందుగా లిఖితపూర్వకంగా ప్రశ్న ఇస్తాడు. సభాపతి నియమాల ప్రకారం దాన్ని అనుమతిస్తారు. సంబంధిత శాఖ జవాబు సిద్ధం చేస్తుంది. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో జవాబిస్తారు. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు మాత్రమే వస్తుంది.

1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలు. ఇన్ని దశాబ్దాల సభా కార్యకలాపాల నివేదికలు తెలుగు వచనానికి పెద్ద నిధి. రాష్ట్ర అధికార భాషలో సభా వ్యవహారాలు నడపడానికి 210వ అధికరణం వీలు కల్పించింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. అప్పటినుంచి 'పాలన తెలుగులో సాగుతున్నదా?' అని మనం తరచుగా అడుగుతున్నాం. సాగినచోట ఆ తెలుగు ఏం చేస్తున్నదన్న ప్రశ్న మాత్రం అంతగా అడగలేదు. ఈ వ్యాసం దానికే పరిమితం.

ఇందులో ఉదాహరణలుగా ఇచ్చిన ప్రశ్నలు, జవాబులు వాక్య స్వరూపం చూపడానికి రాసిన నమూనాలు. అవి ఏ ఒక్క సభ్యునివో, మంత్రివో కావు.

2. నారదుని ప్రశ్నలు - 'కదా' స్వరం:

పాలకుణ్ని సభలో ఆదాయవ్యయాల గురించి ప్రశ్నించే ఘట్టం మన సాహిత్యానికి కొత్త కాదు. మయసభలో కొలువున్న ధర్మరాజు వద్దకు నారదుడు వచ్చి రాజ్యపాలన గురించి వరుసగా ప్రశ్నిస్తాడు. నన్నయ సభాపర్వం ప్రథమాశ్వాసంలో ఈ ఘట్టాన్ని తెనిగించాడు. మంత్రుల ఎంపిక, సైన్యానికి వేళకు జీతం, రైతులకు అండ, చెరువుల నిర్వహణ వంటి విషయాలన్నీ ఆ ప్రశ్నల్లోకి వస్తాయి. వ్యయం ఆదాయంలో సగమో, మూడోవంతో, నాలుగోవంతో దాటకుండా ఉన్నదా అన్నది వాటిలో ఒకటి. లెక్కలు చూసేవారు ప్రతిరోజూ పూర్వాహ్ణంలో ఆయవ్యయాలు నివేదిస్తున్నారా అని కూడా సంస్కృత మూలంలో నారదుడు అడుగుతాడు. విషయపరంగా చూస్తే నేటి బడ్జెట్ చర్చలో వీటికి కలపవలసింది తక్కువే.

తేడా ప్రశ్న స్వరూపంలో ఉంది. మూలంలో ఈ ప్రశ్నలు 'కచ్చిత్' అనే అవ్యయంతో మొదలవుతాయి. అడిగేవాడు అనుకూలమైన జవాబు ఆశిస్తున్నాడని ఆ అవ్యయం సూచిస్తుంది. తెలుగులో 'కదా' చేసే పని అదే. 'వ్యయం అదుపులో ఉన్నదా?' అన్నది విచారణ. 'వ్యయం అదుపులోనే ఉన్నది కదా?' అన్నది కుశలప్రశ్న. నారదుడు కుశలప్రశ్న రూపంలో రాజనీతి ఉపదేశించాడు. సమాచారం రాబట్టడం అతని లక్ష్యం కాదు.

జవాబు కూడా ప్రశ్నకు తగినట్టే ఉంది. ఇన్ని ప్రశ్నలకూ కలిపి, చెప్పిన ధర్మాన్ని శక్తిమేరకు, న్యాయం తప్పకుండా పాటిస్తున్నానని ధర్మరాజు వినయంగా అంటాడు. వ్యయం ఆదాయంలో ఎన్నో వంతు అన్నది శ్రోతలకు తెలియదు. నారదుడు మళ్లీ అడగడు. అడిగినవాడు దేవర్షి, చెప్పినవాడు ధర్మజుడు కాబట్టి ఆ ఘట్టంలో అది లోపం కాదు. కానీ 'శక్తిమేరకు చేస్తున్నాం' అన్న జవాబు ధర్మరాజు కాని పాలకుని నోట వచ్చినప్పుడు పరిస్థితి వేరు. అక్కడ రెండో ప్రశ్న అవసరమవుతుంది. ఆ రెండో ప్రశ్నే ఆధునిక శాసనసభ సాధించుకున్న హక్కు.

3. ప్రశ్న - అభిధకే అనుమతి:

ఈ హక్కు ఒక్కసారిగా రాలేదు. 1892 నాటి భారత శాసనమండళ్ల చట్టం సభ్యులకు ప్రశ్న అడిగే వీలు ఇచ్చింది. అనుబంధ ప్రశ్న మాత్రం ఇవ్వలేదు. 1909 నాటి సంస్కరణలతో మొదటి ప్రశ్న వేసిన సభ్యునికే అనుబంధ ప్రశ్న వేసే అవకాశం వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత అది ఇతర సభ్యులకూ దక్కింది. విద్య, స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం వంటి శాఖలు మంత్రుల చేతికి వచ్చింది కూడా ఆ సంస్కరణలతోనే. అప్పటి నుంచి మద్రాసు శాసనమండలిలోని తెలుగు సభ్యులకు కనీసం కొన్ని శాఖల విషయంలో జవాబు చెప్పవలసిన మంత్రి ఎదురుగా కనిపించాడు.

ప్రశ్న ఎలా ఉండాలో నియమాలు నిర్దేశిస్తాయి. వాదన, ఊహ, వ్యంగ్యోక్తి, ఆరోపణ, విశేషణం, పరువునష్టం కలిగించే మాట ప్రశ్నలో ఉండరాదని లోక్‌సభ నియమావళిలోని 41వ నియమం చెబుతుంది. రాష్ట్ర శాసనసభల నియమావళులు కూడా చాలావరకు ఇదే బాటలో ఉంటాయి. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, ప్రశ్నకు అభిధ ఒక్కదానికే అనుమతి ఉంది. వ్యంజనకు చోటు లేదు. మన భాషలో ఇంత కచ్చితంగా ధ్వనిని నిషేధించిన ప్రక్రియ మరొకటి అరుదు.

ఈ నిషేధం మంచిదే. వ్యంగ్యం సభను నవ్విస్తుంది, లెక్క మాత్రం చెప్పించదు. కానీ అభిధకు పరిమితమైన వాక్యానికి నిర్దుష్టత ఒక్కటే బలం. స్థిరపడిపోయిన ప్రశ్న మూస ఆ బలాన్ని తగ్గిస్తోంది. ఈ నమూనా చూడవచ్చు:

'శాఖామాత్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేసెదరా: (అ) ఫలానా మండలంలో బాలికల వసతిగృహ నిర్మాణానికి నిధులు మంజూరు చేసిన మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, ఇంతవరకు జరిగిన పని ఎంత? (ఇ) పనులను త్వరగా పూర్తి చేయుటకు తీసుకొనుచున్న చర్యలేమిటి?'

ఇది ఇంగ్లీషు పార్లమెంటరీ మూసకు తెలుగు తొడుగు. ఇందులో మూడు బలహీనతలు ఉన్నాయి. మొదటిది, 'వాస్తవమేనా?' అన్న ప్రశ్నకు 'అవునండి', 'లేదండి' అన్న ఒక్క మాట చాలు. రెండోది, 'అయినచో' అన్న చేదర్థకం తర్వాతి ప్రశ్నలన్నింటినీ మొదటిదానికి కట్టేస్తుంది. మంజూరైన సంవత్సరమో, పథకం పేరో సభ్యుడు పొరపాటుగా రాస్తే మొదటిదానికి 'లేదండి' అని, మిగిలినవాటికి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. అయినా వసతిగృహం సంగతి తేలదు. మూడోది, 'చర్యలేమిటి?' అన్నది ఏ కొలతా లేని ప్రశ్న. దానికి ఏ జవాబైనా సరిపోతుంది.

పాలకపక్ష సభ్యులు తమ ప్రభుత్వ పథకాల గురించి వేసే కొన్ని ప్రశ్నల్లో ఈ మూస మళ్లీ 'కదా' స్వరాన్ని అందుకుంటుంది. అప్పుడది నారదుని కుశలప్రశ్నే. అందులోని నీతి మాత్రం జారిపోతుంది.

4. జవాబు - కర్తృలోపం:

తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడపడం సహజం. 'రేపు వస్తాను' అన్నప్పుడు క్రియలోని ప్రత్యయమే కర్తను చూపుతుంది. అక్కడ లోపించింది పదం మాత్రమే, కర్త కాదు. శాసనసభ జవాబుల్లో కనిపించే లోపం వేరు. 'నిధులు మంజూరు చేయడమైనది', 'బిల్లులు సమర్పించబడినవి', 'చర్యలు తీసుకోవడం జరుగుతోంది' వంటి వాక్యాల్లో పదమూ లేదు, ప్రత్యయమూ లేదు. ఎవరు మంజూరు చేశారో, ఎవరు చర్యలు తీసుకుంటున్నారో వాక్యం నుంచి తెలుసుకునే మార్గమే ఉండదు.

'బడు' ధాతువుతో చేసే కర్మణి ప్రయోగం తెలుగు వాడుకకు అంతగా ఇమడదని మనం తరగతిలో చెబుతాం. ఉత్తర్వుల భాష దాన్ని కొంత వదులుకొని '-డమైనది', '-డం జరిగింది' రూపాలను ఎక్కువగా ఆశ్రయించింది. ఇవి వినడానికి తెలుగుగానే ఉంటాయి. పని మాత్రం కర్మణిదే. 'జరుగు' అనే క్రియ వాన కురవడం, తిరునాళ్ల జరగడం వంటి సందర్భాల్లోలాగా, మనిషి నిర్ణయాన్ని కూడా ఒక సంఘటనగా మార్చివేస్తుంది. 'జాప్యం జరిగింది' అన్నచోట జాప్యం చేసినవారు ఉండరు.

పై నమూనా ప్రశ్నకు రాదగిన జవాబు ఇలా ఉంటుంది: '(అ) అవునండి. (ఆ) పనులు వివిధ దశలలో ఉన్నవి. (ఇ) నిధుల లభ్యతను బట్టి పూర్తి చేయుటకు చర్యలు తీసుకోవడం జరుగుతోంది.' వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. సమాచారమూ లేదు. 'వివిధ దశలు' అన్న బహువచనం ఏ దశనూ చెప్పదు. 'నిధుల లభ్యత' అన్నది నిధులు ఇవ్వవలసిన ప్రభుత్వమే వాటి కోసం ఎదురుచూస్తున్నట్టు ధ్వనిస్తుంది. వ్యంగ్యం ప్రశ్నలో నిషిద్ధం. జవాబులో మాత్రం ఎవరూ కోరకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఈ వాక్యాలన్నీ దాటవేతలే అనడం న్యాయం కాదు. సభను తప్పుదారి పట్టించినట్టు తేలితే హక్కుల ఉల్లంఘన నోటీసు ఎదుర్కోవలసి వస్తుంది. అందువల్ల జవాబు రాసే అధికారి జాగ్రత్తపడటం సహజం. క్షేత్రస్థాయి సమాచారం సమయానికి అందకపోవడమూ నిజమే. మంత్రి వ్యక్తిగా కాక పదవి తరఫున మాట్లాడతాడు కాబట్టి నిర్వ్యక్తిక వాక్యానికి కొంత సమర్థన ఉంది. కానీ జాగ్రత్త కోసం పుట్టిన వాక్యం అలవాటుగా మారినప్పుడు, సమాచారం ఉన్నచోట కూడా దాన్ని కప్పుతుంది. విమర్శ ఆ అలవాటు మీదనే.

5. 'ఖర్చు' - ముఖ్యార్థం, లక్ష్యార్థం:

ఇంటి వాడుకలో 'ఖర్చు' అంటే చేతినుంచి డబ్బు పోయి సరుకో సేవో వచ్చిందని అర్థం. ప్రభుత్వ లెక్కల్లో ఈ ప్రయాణానికి కనీసం ఆరు మజిలీలు ఉంటాయి: కేటాయింపు, అనుమతి, విడుదల, జమ, చెల్లింపు, వినియోగం. బడ్జెట్‌లో మొత్తం చూపడం కేటాయింపు. పనికి పరిపాలనా ఉత్తర్వు రావడం అనుమతి. ఆర్థిక శాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వడం విడుదల. ఆ మొత్తం ఏదో ఒక ఖాతాకు చేరడం జమ. కాంట్రాక్టరుకో లబ్ధిదారుకో డబ్బు ముట్టడం చెల్లింపు. ఉద్దేశించిన పనికే అది ఉపయోగపడటం వినియోగం. దీనికే తర్వాత వినియోగ ధ్రువపత్రం అడుగుతారు.

'ఇంత ఖర్చు చేశాం' అన్న వాక్యం వీటిలో దేన్నైనా సూచించవచ్చు. వ్యక్తిగత డిపాజిట్ ఖాతాలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. సంచిత నిధి నుంచి పి.డి. ఖాతాకు మొత్తాన్ని బదిలీ చేయగానే లెక్కల్లో అది వ్యయంగా నమోదవుతుంది. డబ్బు మాత్రం ఖాతాలోనే ఉండవచ్చు. ఈ పద్ధతి వల్ల వ్యయం వాస్తవం కంటే ఎక్కువగా కనిపిస్తుందని రెండు తెలుగు రాష్ట్రాల విషయంలోనూ కాగ్ నివేదికలు ప్రస్తావించాయి. ఇక్కడ 'ఖర్చు' ముఖ్యార్థాన్ని వదిలి లక్ష్యార్థంలో నిలిచింది. కావ్యంలో లక్షణకు ప్రయోజనం ఉండాలన్నారు. ఇక్కడ ప్రయోజనం ఎవరికన్నది అడగవలసిన ప్రశ్న.

బడ్జెట్ పుస్తకమే ఈ తేడాను అంగీకరిస్తుంది. 2024-25 బడ్జెట్ పత్రాల్లో 2022-23కు లెక్కలు, 2023-24కు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, 2024-25కు బడ్జెట్ అంచనా ఉంటాయి. అంటే సభ ఆమోదించిన అంచనాకు ఎదురుగా నిజమైన లెక్క రెండేళ్ల తర్వాత గానీ కనిపించదు. కాగ్ నివేదిక 151వ అధికరణం ప్రకారం గవర్నరు ద్వారా సభ ముందుకు వచ్చి ప్రజాపద్దుల సంఘానికి చేరేసరికి ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ రెండేళ్ల చీకటిలో సభ్యుని చేతిలో ఉన్న దీపం ప్రశ్న ఒక్కటే. అందుకే అతడు ఏ క్రియ వాడుతున్నాడన్నది ముఖ్యం.

క్రియ ప్రాధాన్యాన్ని శాసనమే గుర్తించిన సందర్భం ఉంది. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు కులాల, గిరిజన ఉపప్రణాళిక చట్టం పేరులోనే ప్రణాళిక, కేటాయింపు, వినియోగం అనే మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కూడా ఈ మూడింటినీ పేరులో నిలుపుకొంది. కేటాయించిన డబ్బు దళిత, గిరిజన వాడలకు చేరలేదన్న దీర్ఘకాలపు ఆందోళన ఫలితమే ఆ పేర్లు. 'కేటాయింపు' అన్న మాట 'వినియోగం' అన్న అర్థంలో చెలామణి కావడాన్ని ఇక ఒప్పుకోబోమని ప్రజలు చట్టంలోనే రాయించుకున్నారన్నమాట.

6. 'మిగులు' - ఒక మాట, ఒక ప్రాంతం:

లెక్కల మాట ఒకటి నిర్వచనం లేకుండా ఉంటే ఏమవుతుందో మన సమీప చరిత్రలోనే ఉంది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, రాష్ట్ర కేంద్ర, సాధారణ పాలనా వ్యయాన్ని రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి. తెలంగాణ ఆదాయంలో మిగిలినదాన్ని ఆ ప్రాంత అభివృద్ధికే ఉంచాలి. ఆ ప్రాంత శాసనసభ్యులతో కూడిన తెలంగాణ ప్రాంతీయ సంఘానికి 1958లో రాష్ట్రపతి ఉత్తర్వు రూపమిచ్చింది. ప్రాంతీయ వ్యయాన్ని ఆ ప్రాంత ప్రతినిధులే పరిశీలించే ఏర్పాటు అది.

ఆచరణలో చిక్కంతా 'మిగులు' దగ్గర వచ్చింది. ఏది ఉమ్మడి ఖర్చు, ఏది ప్రాంతీయ ఖర్చు, ఉమ్మడి ఖర్చును ఏ దామాషాలో పంచాలి అన్నవి తేలితే తప్ప మిగులు తేలదు. అది సహజంగా మిగిలే మొత్తం కాదు, నిర్వచనాన్ని బట్టి పుట్టే అంకె. 1969 జనవరి 19 నాటి అఖిలపక్ష ఒప్పందం తర్వాత కుమార్ లలిత్ ఆధ్వర్యంలో, ఏప్రిల్‌లో ప్రధాని ప్రకటించిన అష్టసూత్ర పథకం తర్వాత జస్టిస్ వశిష్ఠ భార్గవ నాయకత్వంలో లెక్క తేల్చే ప్రయత్నాలు జరిగాయి. వారు చేరిన మొత్తాలు ఒకటి కాలేదు. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతో ప్రాంతీయ సంఘమే లేకుండా పోయింది.

1969 ఉద్యమాన్ని ఒక పదవివాదంగా కుదించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఉద్యోగాలు, ఆత్మగౌరవం, ప్రాణత్యాగాలు ఆ చరిత్రలో ఉన్నాయి. అయితే సభలో ఏటా వేయదగిన, ఏటా జవాబు రాదగిన ప్రశ్నకు పన్నెండేళ్లకు పైగా అందరూ ఒప్పుకునే జవాబు లేకపోవడం, చివరకు దాన్ని వీథి అడగవలసి రావడం గమనార్హం. సభలో తెగని వాక్యం సభ బయట నినాదమవుతుంది.

7. ప్రశ్నను తిరగరాయడం:

ఈ విమర్శ నిర్మాణాత్మకం కావాలంటే ప్రత్యామ్నాయ వాక్యం చూపాలి. వసతిగృహం ప్రశ్నను ఇలా అడగవచ్చు: '(అ) ఫలానా మండలంలోని బాలికల వసతిగృహానికి పరిపాలనా అనుమతి ఇచ్చిన అధికారి ఎవరు, తేదీ ఏది, మొత్తం ఎంత? (ఆ) ఈ రోజు వరకు కాంట్రాక్టరుకు ముట్టిన మొత్తం ఎంత? (ఇ) చెల్లించవలసిన బిల్లులు ఎన్ని, అవి ఏ కార్యాలయంలో ఏ తేదీ నుంచి ఉన్నాయి? (ఈ) బాలికలు ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు?'

ఇందులో 'వాస్తవమేనా' లేదు. 'అయినచో' లేదు. ఒక భాగం కూలినా మరొకటి నిలుస్తుంది. 'ముట్టిన' అన్న క్రియ జమను, విడుదలను దగ్గరికి రానివ్వదు. చివరి ప్రశ్న లెక్కను మనుషుల దగ్గరికి తెస్తుంది. దీనికి 'చర్యలు తీసుకోవడం జరుగుతోంది' అన్న జవాబు ఇవ్వడం కష్టం. ఇచ్చినా అది దాటవేత అని సభకే కాదు, చదువరికీ తెలుస్తుంది. అనుబంధ ప్రశ్నకు అదే పట్టు.

8. ముగింపు:

1. పాలకుణ్ని ఆయవ్యయాలపై ప్రశ్నించే సంప్రదాయం తెలుగు సాహిత్యంలో నన్నయ కాలం నుంచే ఉంది. అయితే అది అనుకూల సమాధానం ఆశించే 'కదా' ప్రశ్న. శాసనసభ ప్రత్యేకత మళ్లీ అడగగలిగే హక్కు.

2. నియమాలు ప్రశ్నను అభిధకు పరిమితం చేశాయి. 'వాస్తవమేనా - అయినచో' మూస ఆ అభిధను కూడా బలహీనపరుస్తోంది.

3. '-డమైనది', '-డం జరిగింది' నిర్మాణాలు జవాబులో కర్తను పూర్తిగా తొలగిస్తున్నాయి. ఇది శైలీ సమస్యగా కనిపించే జవాబుదారీ సమస్య.

4. కేటాయింపు నుంచి వినియోగం వరకు గల మజిలీలను 'ఖర్చు' అన్న ఒక్క మాట కప్పివేస్తోంది. ప్రశ్నలో సరైన క్రియను ఎంచుకోవడమే దీనికి మొదటి విరుగుడు.

5. 'మిగులు' వంటి లెక్కల పదాలకు సభలో నిర్వచనం కుదరకపోతే దాని మూల్యం ప్రాంతాలూ తరాలూ చెల్లిస్తాయి.

డిగ్రీ, పి.జి. స్థాయిలో లేఖారచన, అనువాదం, పాలనా భాష బోధిస్తున్నాం. శాసనసభ ప్రశ్నోత్తరాలను ఆ పాఠాల్లో చేర్చి, ఒక జవాబులో కర్త ఎక్కడ తప్పిపోయిందో విద్యార్థుల చేత వెతికిస్తే వ్యాకరణ పాఠం పౌరశాస్త్ర పాఠం కూడా అవుతుంది. ధర్మరాజు 'శక్తిమేరకు' అన్నప్పుడు నారదుడు మళ్లీ అడగలేదు. ఆ శక్తి ఎంత, ఆ మేర ఎక్కడ అని అడగగల వాక్యాన్ని విద్యార్థికి నేర్పడం తెలుగు అధ్యాపకుని పనిలో భాగమే.